నలభై ఏడో ఫైలు, ఆకుపచ్చ క్లిప్పు

ఫిబ్రవరి 4, మంగళవారం

కొత్త మేనేజరు వచ్చి పన్నెండు రోజులైంది. ఇవాళ పొద్దున్నే అందర్నీ పిలిచి, స్ప్రింగ్ బ్రోషర్ ప్రింటుకి వెళ్ళేలోపు ప్రతి ఊరి ఫైలూ తెరిచి మళ్ళీ చెక్ చేయాలన్నాడు. అందర్నీ అంటే నన్నూ, టికెట్ల ఆవిడనీ. టికెట్ల ఆవిడ నా వైపు చూసింది. ఫైళ్ళు నావి కాబట్టి నేను నేలవైపు చూశాను.

మా ఆఫీసు పని చెప్పుకోవాలంటే చాలా చిన్నది. సెలవు దొరికింది, ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు అని వచ్చేవాళ్ళకి ఏదో ఒక ఊరు చెప్పి పంపడం. ఏ ఊరికి ఎప్పుడు వెళ్ళాలో తేల్చడం నా డిపార్ట్‌మెంటు. కొన్ని ఊళ్ళు స్ప్రింగ్‌లోనే బాగుంటాయి. సమ్మర్‌లో వెళ్తే జనం, దుమ్ము, క్యూలు. కొన్ని సమ్మర్‌లో తప్ప పనికిరావు. అరవై నాలుగు ఊళ్ళు, అరవై నాలుగు ఫైళ్ళు. స్ప్రింగ్ ఊరైతే ఫైలుకి ఆకుపచ్చ క్లిప్పు, సమ్మర్ ఊరైతే పసుపు క్లిప్పు. బ్రోషర్ వేసేటప్పుడు ఆ రంగు క్లిప్పులున్న ఫైళ్ళు తీసి, పైనున్న పేజీ ప్రింటుకి ఇచ్చేస్తాం. లోపల ఏముందో ఎవరూ చూడరు. నేను కూడా చూడను. క్లిప్పు ఉందిగా, ఇంకేం చూడాలి?

ఈ ఊళ్ళలో మీరు స్వయంగా చూసినవి ఎన్నండీ అని అడిగాడు మేనేజరు. రెండు అన్నాను. అందులో ఒకటి మేముంటున్న ఊరే అని చెప్పలేదు.

ఫిబ్రవరి 6

అక్క ట్రిప్పు వెళ్దామంది. నా చేతిలో టీ కప్పు ఉంటే కింద పెట్టేశాను.

అక్క అంటే ముప్పై ఒక్కేళ్ళుగా టైలరింగ్ షాపు. ఎండాకాలం మొదలైతే స్కూలు యూనిఫారాలు, జూన్‌లో అయితే వరస షాపు దాటి వీధిలోకి వస్తుంది. అవి తెమిలేసరికి పెళ్ళిళ్ళ బట్టలు. ఆ తర్వాత చలికోట్లు. మార్చిలో మాత్రం మూడు వారాలు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. ఊపిరి పీల్చుకోవడమంటే మిషనుకి నూనె వేసుకోవడం. జ్వరం వచ్చినా షాపు మూసిన మనిషి కాదు. నన్ను చదివించింది ఆ మిషనే. ఇప్పుడు నాకు నలభై మూడు, తనకి యాభై ఏడు.

ఎక్కడికక్కా అన్నాను. ఫ్రిజ్ వైపు వేలు చూపించింది.

ఫ్రిజ్ మీద ఒక కాగితం ముక్క ఉంది. తొమ్మిదేళ్ళ కిందటి మా స్ప్రింగ్ బ్రోషర్లోంచి కత్తిరించింది. నలభై ఏడో ఊరు. రాసింది నేనే. "కొండ మొత్తం ఊదారంగు దుప్పటి కప్పుకుని మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఎండలు ముదరకముందే వెళ్ళండి." అప్పట్లో కొత్తగా చేరాను కాబట్టి అలా రాసేదాన్ని.

మార్చిలో నాకు ఖాళీ, నీ కొండకీ మార్చే సీజను, ఇంకేం కావాలే చిట్టీ అంది. నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఎందుకో తెలియలేదు. బస్సు కంపెనీ వాళ్ళకి ఫోన్ చేసి రెండు సీట్లు, లాడ్జిలో ఒక గది బుక్ చేసేశాను.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 3

ఇవాళ నలభై ఏడో ఫైలు తెరిచాను.

అడుగున ఒక ఉత్తరం ఉంది. లాడ్జి నడిపే ఆవిడ చేతిరాత, తొమ్మిదేళ్ళ కిందటిది. మా కొండ మీద పూలు జూన్ రెండో వారంలో మొదలై జులై చివరిదాకా ఉంటాయి, మార్చిలో బురద తప్ప ఏమీ ఉండదు, దయచేసి ఆ రోజుల్లో ఎవర్నీ పంపకండి అని రాసింది. పంపకండి కింద రెండు గీతలు.

ఫైలు మీద ఆకుపచ్చ క్లిప్పు.

చదివింది చదివినట్టే ఉంది. మళ్ళీ చదివాను. ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ రోజు పసుపు క్లిప్పులు అయిపోయాయి. డబ్బా బోర్లించి కొట్టి మరీ చూశాను. సరేలే, ఇవాళ్టికి ఆకుపచ్చది పెట్టి, కొత్త డబ్బా రాగానే మారుద్దాం అనుకున్నాను. కొత్త డబ్బా వచ్చింది కూడా. నేనే మర్చిపోయాను. తర్వాత బ్రోషర్ కోసం ఆకుపచ్చ క్లిప్పు చూసి, అది నా క్లిప్పే కాబట్టి నమ్మేసి, ఎండలు ముదరకముందే వెళ్ళండి అని రాశాను. నన్ను నేనే మోసం చేసుకున్నానన్నమాట. ఇంతకంటే తెలివైన పని ఎవరైనా చేస్తారా?

సాయంత్రం 5

అదే ఫైల్లో కస్టమర్ల కార్డులున్నాయి. వెళ్ళొచ్చినవాళ్ళు ఎలా ఉందో రాసి ఇచ్చే కార్డులు. రెండువందల పన్నెండు. అన్నీ కూర్చుని చదివాను. పూలు అద్భుతం. కళ్ళు చాలలేదు. జన్మలో మర్చిపోం. స్ప్రింగ్‌లో వెళ్ళమని చెప్పినందుకు థాంక్స్. ఒకాయన ఏకంగా కవిత్వం రాశాడు. ఒక్కరంటే ఒక్కరు కూడా బురద అనలేదు.

మరి ఈ పూలు ఎక్కడివి?

ఫిబ్రవరి 12

ఉత్తరం నిజమైతే కార్డులు అబద్ధం. కార్డులు నిజమైతే ఉత్తరం అబద్ధం. మధ్యలో నాకు ఆకలి వేయడం లేదు.

ఫిబ్రవరి 14

కింది ఫ్లాటులో ఉండే బ్యాంకు దంపతులు మూడేళ్ళ కిందట నలభై ఏడుకి వెళ్ళొచ్చారు. ఇద్దరూ ఒకే బ్యాంకులో పని చేస్తారు, ఒకేసారి మాట్లాడతారు. నేనే పంపాను. ఆ మాట ఇప్పటికీ మెట్ల మీద కనపడినప్పుడల్లా చెబుతారు. ఇవాళ ఏదో వంకతో వాళ్ళింటికి వెళ్ళి, ఫోటోలు ఒకసారి చూపిస్తారా అన్నాను.

ఆయన ఫోన్ తీశాడు. ఆవిడ లాక్కుంది. ఒకే ఫోటో ఉంది. ఇద్దరూ నవ్వుతూ నిల్చున్నారు, వెనక కొండంతా ఊదారంగు. నిజం పూలు. హమ్మయ్య అనుకున్నాను. నా ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో ఫోటో నాకూ పంపమన్నాను.

ఇంటికొచ్చి పెద్దది చేసి చూశాను. ఆయన చెవి పక్కన, పూల మధ్యలో, స్విచ్ బోర్డు ఉంది. తెల్లది. మూడు స్విచ్‌లు, ఒక ప్లగ్గు.

కొండ మీద స్విచ్ బోర్డు ఎందుకుంటుంది?

ఫిబ్రవరి 15

ఫైల్లో ఉన్న లాడ్జి నంబరు పనిచేయడం లేదు. బుకింగులన్నీ బస్సు కంపెనీ వాళ్ళే చూస్తారు, వాళ్ళని అడిగితే పూల సంగతి మాకేం తెలుసండీ, మా పని దించేసి రావడం అన్నారు. నెట్‌లో వెతికాను. కొండ మొత్తం ఊదారంగు దుప్పటి కప్పుకుని అని ఏడు చోట్ల ఉంది. అన్నీ నా వాక్యాలే. ఒకడు దుప్పటి తీసేసి శాలువా అని పెట్టాడు.

ఫిబ్రవరి 19

దాచి లాభం లేదనుకుని మేనేజరుకి చెప్పేశాను. ఉత్తరం చూపించాను, క్లిప్పు కథ చెప్పాను. ఉద్యోగం పోయినా పోనీ అనుకునే చెప్పాను.

ఆయన ఉత్తరం చదివాడు, కార్డుల కట్ట చేత్తో తూచినట్టు పట్టుకున్నాడు. స్ప్రింగ్ లిస్టులో అన్నిటికంటే ఎక్కువమంది వెళ్ళేది దీనికేనటండీ, తొమ్మిదేళ్ళలో ఒక్క కంప్లైంటు లేదు, ఇందులో తప్పేముంది అన్నాడు. పూలు లేవు కదా అన్నాను. పూలు ఉన్నాయని ఇంతమంది రాశారు కదా అన్నాడు. చెక్ చేయమన్నది మీరే కదా అని అడగాలని సాయంత్రం తట్టింది. అప్పటికి ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు.

నలభై ఏడు ఈ ఏడాది బ్రోషర్లో కూడా వెళ్తుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

అక్కకి చెబుదామని షాపుకి వెళ్ళాను. మిషను మీద ఊదారంగు బట్ట ఉంది. ఎవరిదక్కా అన్నాను. నాదే అంది. తనకోసం తను కోటు కుట్టుకుంటోంది. పూలలో నిల్చుని ఫోటో దిగితే కలిసిపోతానో, విడిగా కనపడతానో చెప్పు అని బట్ట భుజం మీద వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. నా జీవితంలో అక్క అద్దం ముందు అలా తిరగడం చూడలేదు. అద్దం కస్టమర్లకి అంటుంది ఎప్పుడూ.

కలిసిపోతావు అన్నాను.

ఫిబ్రవరి 27

రెండో ప్రయత్నం. ఈసారి తిన్నగా చెప్పకుండా దారి మళ్ళిద్దామనుకున్నాను. అక్కా, పన్నెండో నంబరు ఊరుంది, అక్కడ తోటలు నిజంగా మార్చిలోనే పూస్తాయి, నడక కూడా తక్కువ, అక్కడికి వెళ్దామా అన్నాను.

నిజంగా అనే మాట ఎందుకు వాడావే అంది.

నేను గబగబా ఏదో అన్నాను. పన్నెండో నంబరు గురించి నువ్వు ఫ్రిజ్ మీద పెట్టుకునేంత బాగా రాయలేదు, నలభై ఏడు గురించి రాసింది చదివినప్పుడే మా చిట్టికి ఉద్యోగం కుదిరింది అనుకున్నాను, వెళ్తే అక్కడికే వెళ్తాను అంది. ఇంకేం మాట్లాడను? గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

మార్చి 3

షాపుకి బోర్డు రాయించింది. మార్చి 21 నుంచి 26 వరకు సెలవు. ముప్పై ఒక్కేళ్ళలో మొదటి బోర్డు. వీధిలో వాళ్ళు ఆగి చదువుతున్నారు, ఒంట్లో బాగుందా అని అడుగుతున్నారు.

మార్చి 10

మూడో ప్రయత్నం లేదు. నా వల్ల కాదు.

ఇప్పుడు నా ఆలోచన ఇలా ఉంది. ఈ మధ్య అన్నీ ముందే పూస్తున్నాయి. వాతావరణం మారింది కదా. తొమ్మిదేళ్ళ కిందటి ఉత్తరం. అప్పుడు జూన్ అయితే ఇప్పుడు మార్చి ఎందుకు కాకూడదు? రెండువందల పన్నెండు మంది ఒకే అబద్ధం ఎందుకు చెబుతారు? వాళ్ళకి నేనేమైనా చుట్టమా? స్విచ్ బోర్డు సంగతి ఒక్కటే అంతుపట్టడం లేదు.

మార్చి 21, సాయంత్రం 4:30

ఆరుగంటలు బస్సు. అక్క కిటికీ వదల్లేదు. దారిలో కనపడిన ప్రతి కొండనీ ఇదేనా అని అడిగింది.

ఇదే అన్నాడు డ్రైవరు.

గోధుమరంగు. తడిసిన గోనెసంచిలా ఉంది. పైన పొగమంచు, కింద బురద. చెట్టు లేదు, పువ్వు లేదు. అక్క దిగి కాసేపు నిలబడింది. అవతల వైపు ఉంటాయేమోలే అంది. అవునేమో అన్నాను. సూట్‌కేసు చక్రాలు బురదలో తిరగలేదు, ఇద్దరం చెరో పక్కా పట్టుకుని మోశాం.

మార్చి 22, ఉదయం 11

స్విచ్ బోర్డు దొరికింది.

లాడ్జి భోజనాల గదిలో ఒక గోడ మొత్తానికి, పైనుంచి కిందిదాకా, కొండ ఫోటో అంటించి ఉంది. జూన్‌లో తీసింది. పూలు నిజం సైజులో ఉన్నాయి. వాటి మధ్యలో స్విచ్ బోర్డు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. తొమ్మిదేళ్ళుగా నేను జనాన్ని ఈ గోడ దగ్గరికి పంపిస్తున్నాను.

అక్క అప్పటికే కూర్చుని ఉంది, ఫ్రిజ్ మీది కాగితం మడత విప్పి టేబుల్ మీద పెట్టుకుని. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుందని నాకు తెలియదు. లాడ్జి ఆవిడ సూప్ తీసుకొచ్చింది. అరవై ఉంటాయి, గమ్‌బూట్లు, నవ్వు ముఖం. కాగితం చూసి, అయ్యో ఇది జూన్ మాట కదమ్మా, మీ ఆఫీసుకి మొదటి ఏడే ఉత్తరం రాశాను, ఆ తర్వాత ఇంకో రెండు కూడా రాశాను అంది. మా ఆఫీసు అని ఆవిడకెలా తెలుసు? మార్చిలో ఇక్కడికి ఇంకెవరూ రారట. వచ్చారంటే మా ఆఫీసు వాళ్ళేనట.

అక్క నా ముఖం చూసింది. ఇక మొత్తం చెప్పేశాను. పసుపు డబ్బా, ఆకుపచ్చ క్లిప్పు, ఉత్తరం, స్విచ్ బోర్డు. ఎక్కడా ఆగలేదు.

నీకు ఎప్పట్నుంచి తెలుసు అని అడిగింది. ఫిబ్రవరి పదకొండు అన్నాను. వేళ్ళ మీద లెక్కేసింది. ముప్పై తొమ్మిది రోజులు.

అక్క అరవలేదు. అరిచినా బాగుండేది. తప్పు రంగు పెట్టావు, సరే, మనిషన్నాక పెడతారు, చొక్కా ఎడమచెయ్యి తీసుకెళ్ళి కుడి వైపు కుట్టిన రోజులు నాకూ ఉన్నాయి, కానీ కుట్టు తప్పిందని తెలిశాక ఆ చొక్కా తొడుక్కోమని నేను ఎవరికీ ఇవ్వలేదే అంది. కాగితం మడిచి గదిలోకి వెళ్ళిపోయింది. సూప్ ముట్టలేదు.

లాడ్జి ఆవిడ అక్కడే నిలబడింది. నేనేమైనా తప్పు మాట్లాడానా అంది. లేదండీ, తొమ్మిదేళ్ళకి ఒక్కరు నిజం మాట్లాడారు అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

మార్చి 23

అక్క మాట్లాడలేదు. వాన.

మార్చి 24

పొద్దున్న లేచేసరికి అక్క పక్క ఖాళీ. కిందికి వెళ్తే భోజనాల గదిలో నేల మీద కూర్చుని లాడ్జి కర్టెన్లు కుడుతోంది. అంచులు ఊడిపోయి ఉంటే చూడలేకపోయిందట. సెలవు పెట్టి ఇంత దూరం వచ్చి కుట్టుపని! నన్ను చూసి సూదిలో దారం ఎక్కించి ఇవ్వమంది. రెండు రోజులకి మొదటి మాట. ఎక్కించి ఇచ్చాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఎక్కించాను. అలా పదకొండు సార్లు.

లాడ్జి ఆవిడని ఆ గోడ సంగతి అడిగాను. ఆవిడ చెప్పింది విన్నాక ఇంకా గందరగోళంగా ఉంది. మొదటి ఏడాది మార్చిలో జనం దిగేసరికి ఆవిడకి ఏడుపొచ్చినంత పనైందట. పాపం ఇంత దూరం వచ్చారు, కనీసం పూలు ఎలా ఉంటాయో చూపిద్దామని ఫోటో పెద్దది చేయించి గోడకి అంటించింది. వచ్చిన ప్రతివాళ్ళకీ పూలు జూన్‌లోనని చెబుతూనే ఉంది. మొదటి రోజు అందరూ అలిగి కూర్చుంటారట. రెండో రోజు నిద్రపోతారట. మూడో రోజు గోడ ముందు నిల్చుని ఫోటో తీయమంటారట. ఎందుకలా అంటే తనకి తెలియదంది. వెళ్ళేటప్పుడు మాత్రం ఎవరికీ చెప్పకండేం అని నవ్వి వెళ్తారట.

మార్చిలో మా ఆరు గదుల్లో దుప్పట్లు దులిపే పని కూడా ఉండేది కాదు, ఇప్పుడు మనుషుల మాటలు వినపడుతున్నాయి, మీరు తప్పు సరిదిద్దితే నా స్ప్రింగ్ పోతుంది కదూ అని అడిగింది. అడగడం కూడా నెమ్మదిగానే అడిగింది. ఏం చెప్పాలో తెలియక నేను కర్టెన్ మడత పెట్టాను. అది అప్పుడే ఇస్త్రీ చేసింది.

మధ్యాహ్నం అక్క కొండ ఎక్కుదామంది. చీలమండల దాకా బురద. నేను రెండుసార్లు పడ్డాను. రెండోసారి పడ్డప్పుడు అక్క నవ్వింది, నవ్వానని గుర్తొచ్చి ఆపేసింది. పైన, మాతో వచ్చిన లాడ్జి ఆవిడ ఆకుపచ్చ మొలక ఒకటి చూపించింది, బొటనవేలంత ఉంది. ఇవేనట. అక్క వంగి చూసింది. జూన్‌లో ఎంత ఎత్తుంటుంది, ఏ వైపు ముందు పూస్తుంది, వాసన ఉంటుందా, పొద్దున్న బాగుంటుందా సాయంత్రమా అని ఒకటే ప్రశ్నలు. ఏదో మర్యాదకి అడుగుతోందనుకున్నాను.

అక్కా, కోపం పోయిందా అన్నాను దిగేటప్పుడు. పోలేదు, కాళ్ళు చూసుకుని నడువు అంది.

మార్చి 26, ఉదయం 8

బస్సు తొమ్మిదింటికి. అక్క ఊదారంగు కోటు తొడుక్కుని కిందికొచ్చింది. కోటు ఎంత బాగుందో. నా వైపు చూడకుండా ఫోన్ చేతిలో పెట్టి, ఒక ఫోటో తియ్యి అంది. వెళ్ళి గోడ ముందు నిల్చుంది.

ఏమక్కా, నువ్వు కూడానా అనబోయాను. ఆగు అంది. వెనక్కి తిరిగి చూసుకుని అరడుగు ఎడమకి జరిగింది. ఇప్పుడు తియ్యి అంది. తీశాను.

మార్చి 28

నాకేమీ అర్థం కావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మెట్ల దగ్గర బ్యాంకు దంపతులు ఎదురయ్యారు. ఎలా ఉంది, ఎలా ఉంది అని ఇద్దరూ ఒకేసారి. నేను అక్క వెనక నిల్చున్నాను. ఇప్పుడు అయిపోయింది నా పని అనుకున్నాను. అక్క ముక్కుసూటి మనిషి. కస్టమరు ముఖం మీదే ఈ రంగు మీకు నప్పదు అని చెప్పేస్తుంది.

అక్క సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, కొండంతా పూలేనండీ, మా చిట్టి రాసినదానికంటే బాగుంది అంది. ఫోన్ తీసి ఫోటో చూపించింది. వాళ్ళిద్దరూ ఫోటో చూశారు. మొదటిసారి ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తర్వాత బ్యాంకావిడ అక్క చెయ్యి పట్టుకుని, కదా అంది.

పైకొచ్చాక తలుపు వేసి అడిగేశాను. ముప్పై తొమ్మిది రోజులు నిజం దాచానని నన్ను కడిగేశావు, ఇప్పుడు నువ్వు చేసిందేమిటి అన్నాను. కోటు విప్పి హ్యాంగరుకి వేస్తూ, ఏం, వాళ్ళ ముందు నిన్ను పలచన చేయమంటావా అంది.

నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. చాలాసేపు ఏడ్చాను. అక్కకి వినపడే ఉంటుంది.

తర్వాత ఆ ఫోటో పెద్దది చేసి చూశాను. స్విచ్ బోర్డు కనపడలేదు. సరిగ్గా దాని ముందే నిల్చుంది.

ఏప్రిల్ 7

కస్టమర్ల కార్డు ఒకటి అడిగి తీసుకుంది అక్క. ఇవాళ నింపి ఇచ్చింది. రెండువందల పదమూడోది. ఏం చూశారు అన్న చోట ఖాళీగా వదిలేసింది. ఇంకేమైనా చెప్పాలా అన్న చోట, సూప్ బాగుంది, కర్టెన్లు కుట్టాను, పూలు జూన్‌లో అని రాసింది. నోటితో ఒకటి, చేత్తో ఒకటి! అదేమిటక్కా అంటే, మెట్ల మీద మాట వేరు, ఆఫీసు కాగితం వేరు, కాగితం చూసి మనుషులు బయల్దేరతారు అంది.

ఆఫీసుకి వెళ్ళి పసుపు డబ్బాలోంచి క్లిప్పు తీశాను. ఫైలుకి పెట్టబోతే లాడ్జి ఆవిడ ముఖం గుర్తొచ్చింది. అరగంట క్లిప్పు పట్టుకుని కూర్చున్నాను. చివరికి పసుపుది పెట్టాను, ఆకుపచ్చది తీయలేదు. రెండూ ఉన్న ఫైలు ఇదొక్కటే. మిగిలిన స్ప్రింగ్ కోసం, వీధిలోకి కనపడేలా ఆఫీసు కిటికీ అద్దానికి అంటించే కాగితం మళ్ళీ రాశాను. "పూలు జూన్‌లో. ఇప్పుడు వెళ్తే బురద, పొగమంచు, వేడి సూప్. నిద్ర బాగా పడుతుంది." మేనేజరు చదివి, జనాన్ని రమ్మంటున్నారా పొమ్మంటున్నారా అన్నాడు. తెలియదండీ అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఏప్రిల్ 19

ఆ కాగితం చూసి ముగ్గురు బుక్ చేసుకున్నారు. ఎవరూ పూల గురించి అడగలేదు. నిద్ర బాగా పడుతుందన్నది గ్యారంటీయేనా అని అడిగారు.

జూన్ 12, సాయంత్రం 6

ఆఫీసులో సమ్మర్ రద్దీ, తల ఎత్తడానికి లేదు. ఇంటికొస్తూ చూస్తే అక్క షాపు ముందు జనం. యూనిఫారాల తల్లులు. షట్టరు దించి ఉంది. బోర్డు వేలాడుతోంది. సెలవు అని మాత్రమే ఉంది. తారీఖులు లేవు. ఏమైందండీ మీ అక్కకి అని అందరూ నన్నే నిలదీశారు. నాకు మాత్రం ఏం తెలుసు? ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్.

ఇంట్లో ఊదారంగు కోటు లేదు. ఫ్రిజ్ మీద కాగితం కూడా లేదు. అది ఉన్న చోట తెల్లగా, నలుచదరంగా మచ్చ మిగిలింది.

జూన్ 13, ఉదయం 7:40

అక్క ఫోన్ నుంచి ఫోటో వచ్చింది. మాటేమీ లేదు. ఫోటోలో అక్క కూడా లేదు. పూలే.

పెద్దది చేసి మూలమూలా వెతికాను. స్విచ్ బోర్డు లేదు.